రుమాలు కింద ఆగిన చెయ్యి

నా చెయ్యి గురించి నారాయణఖేడ్ పశువుల అంగడిలో చాలామంది చాలా రకాలుగా చెప్పారు. నేను మాత్రం ఇప్పటిదాకా సరిగ్గా చెప్పుకోలేదు. చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వేవారు, లేదా నాకే కోపమొచ్చి లేచి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు కాస్త నెమ్మదించింది కాబట్టి రాస్తున్నాను. నాలాగా చెయ్యో మెడో కన్నో తన మాట వినని వాళ్ళు ఇంకెక్కడైనా ఉంటే, "ఆపుకోలేవా" అన్న ప్రశ్నకు జవాబు దొరక్క తిరుగుతుంటే, వాళ్ళ కోసం ఇది. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు కూడా చదివితే ఇంకా మంచిది.

నేను పశువుల దళారిని. పేరు విఠల్. మా నాయనదీ ఇదే పని. మా పనిలో ధర నోటితో చెప్పం. అమ్మేవాడు తన ఎడ్లకు ఎంత కావాలో రుమాలు కింద దళారి వేళ్ళు పట్టి చెబుతాడు. దళారి వెళ్ళి కొనేవాడి చెయ్యి అదే రుమాలు కింద పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే దాన్ని బట్టి ధర. చుట్టూ ఎంతమంది మూగినా ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. కొనేవాడికి నచ్చితే దళారి అరచేతిలో ఒక్కటి చరుస్తాడు. ఆ చప్పుడు వినిపించిందంటే బేరం అయిపోయినట్టే, ఇక ఎవరు మొత్తుకున్నా మాట మారదు. అంటే దళారికి నోరు కాదు ముఖ్యం, వేళ్ళు. నా జబ్బు కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది.

చిన్నప్పుడు నాకు కళ్ళు ఊరికే కొట్టుకునేవి, భుజం ఎగిరేది. బడిలో సారు "కోతి చేష్టలు" అని వీపు మీద కొట్టేవాడు. కొట్టినప్పుడు ఆగేది, ఆయన బోర్డు వైపు తిరగగానే మొదలయ్యేది. అందుకని ఇంకా కొట్టేవాడు. మీసాలు వచ్చే వయసుకి అదే తగ్గిపోయింది. నేను మర్చిపోయాను, ఇంట్లోవాళ్ళూ మర్చిపోయారు.

కిందటి ఏడాది ఎండాకాలంలో నాయన పోయాడు. వానలు పడే నాటికి నా కుడిచెయ్యి వేళ్ళు విదిలించుకోవడం మొదలుపెట్టాయి, తడి చెయ్యి దులుపుకున్నట్టు. వెనకాలే మెడ కుడివైపుకి ఒకసారి గుంజుకునేది. మొదట్లో నా భార్య సువర్ణ దోమలనుకుంది. తర్వాత అలవాటనుకుంది.

"గట్ల విదిలియ్యకు, పిల్ల చూసి నేర్చుకుంటది," అంది ఒకరోజు రొట్టెలు చేస్తూ.

"నేను విదిలిస్తలేనే," అన్నాను.

"మరి ఎవరు విదిలిస్తుండ్రు?"

చెయ్యి నాదే. నిద్రలో ఆడదు. అన్నం తింటున్నప్పుడు ఆడదు. రుమాలు కింద బేరం చేస్తున్నప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, చాలా రోజులు ఆడలేదు. మనసంతా వేళ్ళ మీద ఉంటే అది కదిలేది కాదు. బేరం అయిపోయి చాయ్ తాగడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఆగినదంతా కలిపి ఆడేది. పనిలో రాదు కదా అని నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఆ ధైర్యమే నన్ను ముంచింది.

దసరా దాటాక వచ్చిన అంగడికి నాగల్‌గిద్ద దిక్కు నుంచి సిద్దప్ప కాకా ఎడ్ల జతను పట్టుకొచ్చాడు. కాకా అంటున్నాను గాని చుట్టం కాదు. నాయన కాలం నుంచి ఆయన ఏ పశువు అమ్మినా కొన్నా మా చేతుల మీదుగానే. మోకాళ్ళు పట్టేసి నాగలి వెనక నడవలేకపోతున్నాడు, అందుకే అమ్మడం. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు.

"విఠలా, ఇద్దరు అడుగుతుండ్రు. ఒకడు కర్ణాటక దిక్కు నుంచి వచ్చిండు. ఇంకొకడు మా పక్కూరి రాచయ్య. రాచయ్యకు పోతే రోజు నా కండ్ల ముంగట ఉంటయి. గా దూరపోనికి పెద్ద ధర చెప్పు, వాడే ఎనక్కి పోతడు. గప్పుడు రాచయ్యకు తగ్గిచ్చి ఇద్దాం."

ముందు అడిగినవాడికి ధర చెప్పకుండా రెండోవాడికి ఇవ్వకూడదు, అది అంగడి కట్టుబాటు. అందుకే ఈ ఏర్పాటు. "గట్లనే కాకా," అని కర్ణాటక ఆయన దగ్గరికి వెళ్ళి రుమాలు కప్పాను. ఆయనవి నాలుగు వేళ్ళు పట్టాను.

అప్పుడు వచ్చింది అది. బేరం మధ్యలో, మొదటిసారి. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఎట్లా ఉంటుందో వేళ్ళ మొదళ్ళలో అట్లా ఉంటుంది. గట్టిగా బిగబట్టాను. రెప్పపాటు ఆగింది, తర్వాత ఆగలేదు. వేళ్ళు విదిలించుకున్నాయి, ఆయన చిటికెన వేలు నా చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకునేలోపే ఆయన నవ్వి, రుమాలు తీసేసి నా అరచేతిలో ఒక్క చరుపు చరిచాడు. "ఖాయం."

"ఆగు భాయ్, తప్పు పడ్డది," అన్నాను.

"తప్పేంది? మూడు పట్టినవ్, ఒప్పుకున్న. అందరు విన్నరు సప్పుడు."

అందరూ విన్నారు, నిజమే. సిద్దప్ప కాకా నా ముఖంలోకి చూశాడు.

"ఎన్ని పట్టినవ్ విఠలా?"

"నాలుగే పట్టిన కాకా. చెయ్యి దానంతట అదే ఆడింది."

"చెయ్యి దానంతట అది ఎట్ల ఆడతది?"

ఎడ్లు వ్యాను ఎక్కనన్నాయి. కొన్నవాళ్ళు గుంజినా కొట్టినా కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడ్డాయి. చివరికి సిద్దప్ప కాకానే పిలిచారు. ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ వ్యానుకు ఆనించిన చెక్క పలక మీదికి ఎక్కి ముందు నడిస్తే ఆయన వెనకాలే ఎక్కాయి. ఆయన దిగి వచ్చాడు, వ్యాను వెళ్ళింది. ధరలో తేడా నేను భరిస్తానని వెంటపడ్డాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, బస్టాండు దిక్కు వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అంగడంతా ఒకటే మాట. విఠల్ కర్ణాటక వాళ్ళతో కుమ్మక్కయ్యాడు, వేలు కావాలనే వదిలాడు, పట్టుబడ్డాక రోగమంటున్నాడు. దొంగ అన్న మాట నా ముందు ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకుండా అందరూ రుమాళ్ళు భుజాన వేసుకుని పక్కకు జరిగారు.

తర్వాతి వారం రేకుల షెడ్డు కింద దళారులంతా కూర్చున్నారు. అందరిలో పెద్ద మాణయ్య మామ. నాకు పని నేర్పినవాళ్ళలో ఆయనొకడు. చెడ్డవాడు కాదు. న్యాయంగానే అడిగాడు.

"చెయ్యి ఆడుతదంటున్నవ్ గదా. ఇటు ఇయ్యి. రుమాల్ కింద నా చేతుల పెట్టు. ఆడితే అందరం ఒప్పుకుంటం. పోయి సిద్దప్పకు మేమే చెప్తం."

చూశారా, ఇంతకంటే మంచి అవకాశం ఎవరిస్తారు? ఆ ఒక్కసారి ఆడితే చాలు, నా పరువు నాకు దక్కేది. నేను చెయ్యి ఇచ్చాను. అందరి కళ్ళూ రుమాలు మీదే. నా వేళ్ళు ఆయన వేళ్ళను పట్టుకున్నాయి, ఇన్నేళ్ళ పనిలో పట్టుకున్నట్టే. ఆ చూపుల కింద వేళ్ళు వాటంతట అవే బిగుసుకుపోయాయి. లోపల అది లేస్తూనే ఉంది. వదిలేయాలని నాకు తెలుసు, వదిలేస్తేనే బతుకుతానని తెలుసు. కాని బేరం రుమాలు కింద, పదిమంది ముందు, చెయ్యి ఆడించడం నావల్ల కాలేదు. చిన్నప్పుడు సారు చూస్తుంటే ఆగినట్టే ఆగింది. చాయ్‌లు వచ్చాయి, తాగారు, గ్లాసులు పోయాయి. నా చెయ్యి రాయిలా ఉండిపోయింది.

మాణయ్య మామ రుమాలు తీశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ.

"గిప్పుడు ఎట్ల ఆగింది విఠలా?"

"ఆపిన మామా."

"మరి గా దినం ఎందుకు ఆపలే?"

నా చెయ్యి సంగతి తేలేదాకా అంగడిలో రుమాలు పట్టొద్దని చెప్పారు. షెడ్డు దాటి పశువుల తొట్ల వెనక్కి వెళ్ళానో లేదో, ఆగినదంతా ఒక్కసారే వచ్చింది. చెయ్యి తొట్టి అంచుకు తగిలి మణికట్టు వాచింది. మెడ గుంజి గుంజి కళ్ళలో నీళ్ళొచ్చాయి. అక్కడ ఒక బర్రె తప్ప చూసినవాళ్ళు లేరు.

ఇంటికొచ్చి చెబితే సువర్ణ నెత్తి కొట్టుకుంది. "అడిగితే ఆడియ్యరాదా గా చెయ్యిని? ఆడితే మంచిగుండు గదా."

"ఆడియ్యనీకె నా చేతుల ఉందా?"

"ఆపనీకె ఉంది గదా మరి."

ఇదే ఉచ్చు. దీంట్లోంచి నేను ఆరు నెలలు బయటపడలేదు. ఆపగలిగితే నీ ఇష్టంతో చేస్తున్నట్టు. ఆపలేకపోతే పిచ్చి. ఎంత బాగా దాచుకుంటే అంత తక్కువ నమ్ముతారు. నలుగురిలో బిగబట్టి మర్యాదగా కూర్చుంటే, "చూడు, మంచిగనే ఉన్నవ్" అంటారు. ఇంటికొచ్చి వదిలితే ఇంట్లోవాళ్ళు, "మా ముంగటనే చేస్తవ్, బయట చెయ్యవ్" అంటారు. ఒక దశలో నాకే అనుమానం వచ్చింది. నిజంగా నేనే చేస్తున్నానేమో, ఆ వేలు నేనే వదిలానేమో అని. తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు కూర్చుని నా చెయ్యిని నేనే దొంగను చూసినట్టు చూసేవాణ్ణి. అది కూడా నా ముందు ఆడేది కాదు.

కంది కోతల రోజుల్లో దవాఖానలు మొదలయ్యాయి. మా ఊళ్ళో ఆరెంపీ నరాల బలహీనత అన్నాడు, సూదులు వేశాడు, ఆకలి పెరిగింది. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానలో తలకు స్కానింగ్ తీశారు. అక్కడి డాక్టరు ఫిల్మును వెలుతురులో పెట్టి చూసి, అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకో, ఆ అలవాటు మానుకో అన్నాడు. ఎవరికైనా నార్మల్ అంటే సంతోషం. నేనైతే తలలో ఏదన్నా కనిపిస్తే బాగుండునని కోరుకున్నాను, పాపిష్టివాణ్ణి. స్కానింగ్ సంగతి మా ఇంటికంటే ముందు అంగడికి చేరింది. మిషన్ల కూడ ఏం దొరకలేదంట, అనుకున్నారు.

అమ్మ మాత్రం మిషన్లను నమ్మలేదు. బోరంచ నల్లపోచమ్మకు మొక్కింది. ఆదివారం పొద్దున తీసుకెళ్ళి లైన్లో నిలబెట్టింది. అక్కడ జనంలో నా చెయ్యి ఆగింది, మామూలే. అమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా, తల్లి చెయ్యి పెట్టింది," అని బొట్టు దిద్దింది. ఆమె సంతోషం చెడగొట్టలేక ఆటోలో వచ్చేటప్పుడు కూడా చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. కల్హేర్ దాకా పట్టుకున్నాను. అక్కడ ఆటో ఆగి ఇంకొకాయన ఎక్కుతుంటే నేను కాస్త జరగాల్సి వచ్చింది. చెయ్యి బయటికొచ్చింది, అమ్మ మోచేతికి తగిలింది. ఆమె కొంగుతో మూతి మూసుకుని ఇల్లు చేరేదాకా బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రోజు నేను ఎవరికీ ఎదురుపడకుండా కొట్టంలో పడుకున్నాను.

పని లేదు. పొద్దున లేస్తే వెళ్ళడానికి చోటు లేదు. సువర్ణ కందులు ఏరడానికి కూలికి పోయేది. ఆమె పోతుంటే ఇంట్లో కూర్చోవడం, అద్దంలో చూసుకోవడం. మా బిడ్డ ఆరో తరగతి. ఒకరోజు బడి నుంచి వచ్చి, "నాయినా, నువ్వు సైగలు చేసి జనాలను ముంచుతవంట," అంది, అడుగుతున్నట్టు కూడా కాదు, ఉత్తగా చెప్పినట్టు. సువర్ణ ఆ పిల్లను కొట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తనే ఏడ్చింది. మర్నాడు, "పట్నం పోదాం పా. పెద్ద దవాఖాన చూద్దాం," అంది.

శివరాత్రి ముందు హైదరాబాదు వెళ్ళాం. సర్కారు దవాఖాన, నరాల విభాగం. చీకటితోనే బస్సెక్కినా మేం చేరేసరికి లైను గేటు దాటింది. లోపల పొడుగాటి హాలు, సిమెంటు బల్లలు. అక్కడ నాకొకటి వింతగా అనిపించింది. ఒకామె తల ఊగుతోంది. ఒక పడుచువాడి కాలు నేలను తన్నుతోంది. నా వేళ్ళు విదిలించుకున్నాయి, మెడ గుంజింది. ఎవరూ చూడలేదు. పక్కన చెయ్యి వణుకుతున్న ముసలాయన తన సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి ఇచ్చాడు. సగం కింద పడ్డాయి.

"మీది ఆగుతదా తాతా?" అని అడిగాను.

"ఆగదు కొడుకా. నీది?"

"ఆపితే కొంచెం సేపు ఆగుతది."

"అబ్బో, గది ఇంకా కష్టం," అన్నాడు ఆ ముసలాయన, పల్లీ ఒలుచుకుంటూ. "నాదైతే అందరు నమ్ముతరు."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. సువర్ణ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, పేరు పిలిచేదాకా తీయలేదు.

లోపల డాక్టరమ్మ నాకంటే చిన్నది. స్కానింగ్ పక్కన పెట్టేసి నన్నే చూసింది. నేను అలవాటు కొద్దీ బిగబట్టి కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, "ఆపుకోవద్దు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు," అంది. తర్వాత ఇంతవరకు ఎవరూ అడగనిది అడిగింది. "కదిలే ముందు వేళ్ళలో ఏమన్నా తెలుస్తుందా?"

తుమ్ము సంగతి చెప్పాను. ఆమె తలూపింది. నేను మాట్లాడుతూ మీసం దువ్వుకుంటున్నానట. "అది ఎందుకు చేస్తున్నారు?" అంది. నాకు తెలియనే తెలియదు, చెయ్యి దించేశాను. దించాక ఏమన్నా ఇబ్బందిగా ఉందా అని అడిగింది. ఏమీ లేదు. "అది అలవాటు. గుర్తుచేస్తే పోతుంది, లోపల ఏమీ మిగలదు. ఇప్పుడు వేళ్ళను ఆపండి చూద్దాం." ఆపాను. భుజం దాకా పాకింది, పళ్ళు కరుచుకున్నాను, చెమట పట్టింది. తర్వాత వదిలాను, బల్ల మీది కలం ఎగిరిపోయింది. ఆమె వంగి తీసుకుంది. "ఇది వేరే," అంది. "చిన్నప్పుడు కళ్ళు కొట్టుకునేవన్నారు కదా, అదే ఇది. కొందరికి పెద్దయ్యాక, మనసుకు దెబ్బ తగిలినప్పుడు, మళ్ళీ వస్తుంది."

"అంటే నేను చేస్తలేనా మేడమ్?"

"తుమ్మును ఎవరు తుమ్ముతారు? మీరే. కావాలని తుమ్ముతారా?"

సువర్ణ మధ్యలో అడిగింది. "మరి మేడమ్, పదిమందిల ఆగుతది గదా? గందుకే ఎవ్వరు నమ్ముతలేరు."

"ఆగడం కాదమ్మా అది. బిగబట్టడం. ఊపిరి కూడా కాసేపు బిగబట్టొచ్చు. అంతమాత్రాన ఊపిరి తీసుకోవడం మన ఇష్టం అయిపోదు కదా."

సువర్ణ నా వైపు తిరిగింది. ఇన్ని నెలల్లో ఆమె నన్నట్లా చూడలేదు. "గిన్నొద్దులు నేను కూడ గట్లనే అన్న," అంది. అంతే అంది.

ఒక చిన్న మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే పొద్దంతా మగతగా ఉంటుంది. మేడ మీద గదిలో ఇంకొకామె ఒక సాధన నేర్పింది. లోపల లేస్తున్నట్టు తెలియగానే పిడికిలి మెల్లగా బిగించి తొడ మీద ఆనించి, అది పోయేదాకా కూర్చోవాలి. ప్రతిసారీ పని చేయదు, కాని కొన్నిసార్లు చేస్తుంది. పూర్తిగా పోతుందా అని అడిగితే, తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది, దాంతో కొట్లాడకండి అంది. నా జబ్బు పేరు కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం చూపిస్తే అంగడి నా కాళ్ళ మీద పడుతుందనుకుంటూ బస్సెక్కాను.

పడలేదు. మాణయ్య మామ కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. "రోగమని ఒప్పుకున్న. అయితే ఆడే చేతుల బేరమెట్ల పెడ్తం?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. చెయ్యి దొంగది కాదు సరే, నమ్మదగినదీ కాదు. ఉచ్చు ఒకవైపు వదిలితే ఇంకోవైపు బిగిసింది. ఉగాది దాకా మళ్ళీ ఇల్లే.

ఆ తర్వాత నేను నోటితో బేరం చెప్పడం మొదలుపెట్టాను. అంగడి ఎదురుగా చాయ్ హోటల్లో ఒక బల్ల దగ్గర కూర్చుంటాను. అమ్మేవాణ్ణి, కొనేవాణ్ణి ఎదురెదురుగా కూర్చోబెట్టి ధర పైకే చెబుతాను. "నా చెయ్యి ఆడుతది, దాన్ని లెక్కలకు తీసుకోవద్దు, నా నోరు చూడుండ్రి," అని ముందే చెప్పేస్తాను. మొదట నవ్వారు. పెద్ద ఎడ్ల బేరాలు ఇప్పటికీ రావు. మేకలు, దూడలు, ముసలి బర్రెలు వస్తాయి. ఇల్లు గడుస్తోంది, ఏదో అట్లా.

ఈ వానాకాలం ఒక అంగడి రోజు సిద్దప్ప కాకా వచ్చాడు. మేక కొనడానికట. నేరుగా వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. నేను రెండు చాయ్‌లు చెప్పి, ఎప్పుడూ జేబులోనే ఉండే ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

"నాకు సదువు రాదు. నోటితో చెప్పు," అన్నాడు.

చెప్పాను. తుమ్ము, ఊపిరి, చిన్నప్పటి కళ్ళు, అన్నీ. ఎన్నాళ్ళుగానో లోపల చెప్పుకుని చెప్పుకుని నోటికొచ్చేసిన మాటలు. ఆయన మొత్తం విన్నాడు.

"రోగమే అనుకో," అన్నాడు చివరికి. "నా ఎడ్లయితే పోయినయి గదా."

నేను దొంగను కాదని నిరూపించుకోవడంలో పడి, వ్యాను పలక మీద ఆయన వెనకాల ఎక్కిన ఆ జత సంగతి ఎప్పుడో వదిలేశాను.

"పోయినయి కాకా," అన్నాను.

చాయ్ వచ్చింది. నా వేళ్ళ మొదళ్ళలో మొదలైంది. ఆయన ముందు ఆడొద్దని పిడికిలి బిగించి తొడ మీద పెట్టాను. పోలేదు. ఇంకా బిగించాను. ఆయన నా ముఖం చూశాడు, తర్వాత బల్ల కిందికి వంగి నా పిడికిలి చూశాడు.

"నొస్తదా?"

"ఆడితే నొయ్యదు కాకా. ఆపితే నొస్తది."

"గా దినం మాణయ్య చేతుల పెట్టినప్పుడు?"

"గప్పుడు ఆపిన."

ఆయన ఒక గుటక చాయ్ తాగి గ్లాసు దించాడు.

"మరి గిప్పుడు నా ముంగట ఎందుకు ఆపుతున్నవ్? ఇడువు."

ఇడిచాను. చెయ్యి పైకి లేచి బల్లకు కొట్టుకుంది, నా చాయ్ ఒలికి బల్లంతా పారింది. సిద్దప్ప కాకా తన గ్లాసు కొంచెం అవతలికి జరిపి పెట్టుకుని, అక్కడే కూర్చున్నాడు.